నాకు చెప్పని చావు

మా అన్న పోయిన సంగతి మా వాళ్లందరిలో చివరగా తెలిసింది నాకే. అప్పటికి నెల దాటిపోయింది. ఆ నెలలో చాలా మధ్యాహ్నాలు నేను ఒక చర్చిలో కూర్చుని, చనిపోయిన ఏసు చుట్టూ చేరి ఏడుస్తున్న మనుషుల బొమ్మను చూస్తూ గడిపాను. ఎప్పుడో ఐదువందల ఏళ్ల కింద ఎవరో గీసిన చావు అది. నా ఇంటి చావు మాత్రం నాకు తెలియదు. తెలిశాక కూడా ఎవరూ నా ఎదురుగా కూర్చుని ఆ మాట అనలేదు. ఆ ఒక్క మాట అనిపించుకోవడానికి నేను పడిన పాటే ఇక్కడ రాస్తున్నాను.

మేము ఉండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. మా ఆయనది బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని. నేను ఇంటర్ దాకా చదివాను, ఆ తర్వాత నేర్చుకున్నదంతా సొంతంగానే. నాకు వచ్చిన విద్య తిథులు లెక్కకట్టడం. జాతకాలు చెప్పను, ముహూర్తాలు పెట్టను. ఇక్కడి గడియారానికి ఏ తిథి ఎప్పుడు వస్తుందో మాత్రం చెబుతాను. ఇంటి నుంచి తెచ్చుకునే పంచాంగం అక్కడి సూర్యోదయానికి కట్టింది. అక్కడ సాయంత్రం మొదలయ్యే తిథి ఇక్కడ మధ్యాహ్నమే మొదలవుతుంది. తద్దినం, మాసికం లాంటివి మధ్యాహ్నం దాటాక ఏ తిథి ఉందో చూసి పెడతారు. అందుకని ఒక్కోసారి హైదరాబాద్‌కూ ఇక్కడికీ ఏకంగా రోజే మారిపోతుంది. ఫోనులో యాప్ ఉంది కదా అంటారు కొందరు. యాప్‌లో ఊరి పేరు మార్చడం మరచిపోయి, తండ్రి తద్దినం ముందురోజు పెట్టాల్సింది మర్నాడు పెట్టినవాళ్లు నాకు తెలుసు. అందుకే ఇక్కడి తెలుగువాళ్లు ఎవరికి అవసరం వచ్చినా నాకు ఫోన్ చేస్తారు. "తిథులక్క" అంటారు. కాగితం మీద రెండుసార్లు కట్టి, రెండూ కలిస్తేనే చెబుతాను.

ఈ లెక్కల అలవాటు అన్న దగ్గర అంటుకుంది. హనుమకొండలో అన్నకు మోటార్ వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లు వచ్చేవి. అన్న చేతిమిషన్ మీద రాగి తీగ చుడుతుంటే, బడి నుంచి వచ్చి నేను పక్కన పీట వేసుకుని చుట్లు లెక్కబెట్టేదాన్ని. చుట్లు తప్పితే మోటారు మళ్లీ కాలుతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే అన్న వాళ్లను కసిరేవాడు. "మా చెల్లె లెక్కల ఉన్నది, గమ్మున ఉండున్రి" అనేవాడు. నాన్న లేని ఇంట్లో నన్నూ తమ్ముణ్నీ పెంచింది ఆ షాపే. తమ్ముడు ఇంజినీరై ఇంగోల్‌స్టాట్‌లో కార్ల కంపెనీలో చేరాడు. నేను పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చాను. అన్నకు ఇద్దరు ఆడపిల్లలు. ఆయన ఎప్పుడూ వరంగల్ జిల్లా దాటి పెద్దగా తిరిగింది లేదు.

పోయిన ఏడాది ఆకులు రాలే రోజుల్లో నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. ఆస్పత్రి మంచం మీద మత్తు పూర్తిగా దిగాక మా ఆయన్ని అడిగాను.

"అన్న ఫోన్ చేసిండా?"

"కాశీకి పోయిండు. షాపు పక్కోళ్లు బస్సు మాట్లాడుకున్నరట. ఈయన కూడ ఎక్కిండు."

"నాకు చెప్పకుండనా?"

"నువ్వు అప్పుడు థియేటర్ల ఉన్నవ్."

నేను నమ్మాను. నమ్మడమే కాదు, సంతోషపడ్డాను. గడప దాటని మనిషి గంగ దాకా పోయాడని పక్క మంచం మీది జర్మన్ ఆవిడకు కూడా చెప్పాను. కాశీలో ఏకాదశి ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉందో లెక్కకట్టి, ఆ వేళకు స్నానం చేయమని అన్న ఫోనుకు మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. కొంతసేపటికి రెండు చేతులు జోడించిన నమస్కారం బొమ్మ వచ్చింది. అన్నకు ఇవన్నీ ఎప్పుడు వచ్చాయి అనుకున్నాను.

ఇంటికొచ్చి కొన్నాళ్లున్నాక నన్ను రేహాకు పంపారు. ఆపరేషన్ అయినవాళ్లు తేరుకోవడానికి ఇక్కడ మూడు వారాలు ఒక ఆరోగ్యశాలలో ఉంచుతారు, అది. నన్ను పంపింది కొండల మధ్య ఒక చిన్న ఊరికి. పొద్దున వ్యాయామం, తర్వాత పాఠం, మధ్యాహ్నం తర్వాత ఖాళీ. ఎక్కువ దూరం నడవొద్దన్నారు కాబట్టి నేను చర్చి దాకా నడిచేదాన్ని. లోపల బెంచీలు ఉన్నాయి, చలి కొంచెం తక్కువ.

పక్క గదిలో చెక్క పలక మీద ఆ బొమ్మ ఉండేది. తెల్ల గుడ్డ మీద ఏసును పడుకోబెట్టారు. తల తల్లి ఒళ్లో ఉంది. వెనక ఎర్ర బట్టల కుర్రవాడు. కాళ్ల దగ్గర జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. గడ్డపు ముసలాయన గుడ్డ అంచు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు, ఇప్పుడే దింపి వదలలేకపోయినట్టు. దూరంగా ఇక్కడి ఊళ్లే, ఏటవాలు ఎర్ర కప్పులతో.

నాకు బొమ్మల గురించి ఏమీ తెలియదు. నాకు తెలిసినట్టే చూశాను. ఎవరి కళ్ల నుంచి ఎటు గీత పోతుందో మనసులో గీసుకున్నాను. తల్లి చూపు కొడుకు ముఖం మీద. కుర్రవాడి చూపు తల్లి మీద. జుట్టు విరబోసుకున్నామె పాదాల గాయాలను చూస్తోంది. ముసలాయన నేలను చూస్తున్నాడు. ఎవరి చూపూ మరొకరి చూపును తాకదు. అయినా అందరూ ఒకరికొకరు ఆనుకుని ఉన్నారు. భుజం భుజానికి, మోకాలు వీపుకు. ఒక్కరిని తీసేస్తే మిగతావాళ్లు పడిపోయేలా ఉన్నారు. ఆ అమరిక నాకు బాగా నచ్చింది.

కింద మూలన మాత్రం లెక్క కుదరలేదు. అక్కడ బొటనవేలంత మనుషులు వరసగా మోకరిల్లి ఉన్నారు. బొచ్చు కాలరు కోటు వేసుకున్న మగమనిషి, తెల్ల తలగుడ్డ కట్టుకున్న భార్య, వెనక పొడవు తగ్గుతూ పిల్లలు. కొవ్వొత్తులు మార్చడానికి వచ్చే ముసలావిడను నాకు వచ్చిన జర్మన్‌లో అడిగాను.

"వీళ్లెవరు?"

"బొమ్మ గీయించినవాళ్లు. ఈ ఊరి కుటుంబమే."

"అప్పట్లో వీళ్లు లేరు కదా?"

"ఎక్కడున్నారు! పదిహేను వందల ఏళ్ల తర్వాత పుట్టినవాళ్లు."

"మరి ఇక్కడ ఎలా ఉన్నారు?"

ఆవిడ నన్ను అమాయకురాలిని చూసినట్టు చూసింది. "ఏడవడానికి వచ్చారు. కొంచెం ఆలస్యమైంది, అంతే."

కొందరు పిల్లల తలల పైన చిన్న ఎర్ర సిలువలు ఉన్నాయి. అవేమిటని అడిగితే, బొమ్మ గీసే నాటికి చనిపోయినవాళ్లకు అలా పెడతారని చెప్పింది. తెల్ల తలగుడ్డ కట్టుకున్న ఆ పిల్లల తల్లి నెత్తిన కూడా ఒకటి ఉంది. ఎవరున్నారో, ఎవరు పోయారో ఒక గుర్తుతో చెప్పేశారు. నిజాయితీగల పద్ధతి అనిపించింది. అది విని హాయిగా నడుచుకుంటూ భోజనానికి పోయాను.

తమ్ముడి ఫోన్ ఆ బెంచీ మీద ఉండగానే వచ్చింది.

"అక్కా, బిజీనా?"

"రేహాల ఏం బిజీరా. పొద్దున బంతి మీద కూసోబెట్టి ఊపిన్రు. చెప్పు."

"ఒక లెక్క కావాలె. మా కొలీగ్ వాళ్ల అన్న ఎక్స్‌పైర్ అయిండక్కా, ఇండియాల. మాసికం ఇక్కడ పెట్టుకుంటడంట. ఏ రోజు పడ్తదో చెప్పవా?"

"అయ్యో. ఎప్పుడు పోయిండు?"

తారీఖు చెప్పాడు. పొద్దున, తెల్లారిన కాసేపటికి అన్నాడు. అది నా ఆపరేషన్ మర్నాడు. "నేను మత్తుల పడి ఉన్న రోజా, పాపం" అన్నాను. ఏ ఊరని అడిగితే వరంగల్ దిక్కే అన్నాడు.

"కొడుకులు లేరా?"

"లేరు. ఇద్దరు ఆడిపిల్లలు. అందుకే తమ్ముడు పెడ్తున్నడు."

"మన అన్న లెక్కనే" అన్నాను.

ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"అలో?"

"ఉన్న అక్కా. సిగ్నల్ పోయింది."

"అక్కచెల్లెండ్లు ఉన్నరా ఆయనకు?"

"ఒక చెల్లె ఉన్నది. ఆమెకు చెప్పలేదంట. పానం బాగలేదు ఆమెకు. చెప్పాల్నా వద్దా అని మనోడు ఒకటే పరేషాన్ అయితుండు. నువ్వైతే ఏమంటవక్కా?"

నేను ఆలోచించాను కూడా. పెద్దదానిలాగా, నిదానంగా చెప్పాను.

"ఇప్పుడే చెప్పొద్దను. కోలుకోనీ. చెప్తే పోయినాయన తిరిగొస్తడా?"

"అంతేనంటవా?"

"అంతేరా. ఒక నెల ఆగితే ఏమైతది."

ఫోన్ పెట్టేసి బ్యాగులోంచి కాగితం తీశాను. ఆ బొమ్మ ఎదురుగానే కట్టాను. పోయిన వేళకు ఉన్న తిథి బహుళ చవితి. వచ్చే నెల అదే చవితి హైదరాబాద్‌లో శనివారం మధ్యాహ్నానికి పడుతుంది. ఇక్కడ శుక్రవారం మధ్యాహ్నానికే వచ్చేస్తుంది. రెండోసారి కట్టాను, కలిసింది. కలిసినప్పుడల్లా నాకు ఒక తృప్తి ఉంటుంది, అది ఆ రోజు కూడా కలిగింది. "శుక్రవారం. సెలవు పెట్టుకొమ్మను. శనివారం అని ఎవరన్నా చెప్తే ఇనొద్దను" అని తమ్ముడికి రాశాను. వాడు చాలాసేపటికి "సరే అక్కా" అని రాశాడు. ఎప్పుడూ పెట్టే నవ్వు బొమ్మ లేదు.

రేహా నుంచి ఇంటికి వచ్చిన తర్వాత ఒక ఆదివారం మా ఆయన నన్ను సోఫాలో కూర్చోమన్నాడు. నీళ్ల గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు. దాహంగా లేదన్నాను.

"మనసు కొంచెం గట్టి చేసుకోవాలె. అన్నకు బాగలేకుండె."

"కాశీలనా?"

"కాశీ పోలే."

"ఎక్కడున్నడు మరి?"

ఆయన గ్లాసును కొంచెం నా వైపు జరిపాడు. "నువ్వు ఆస్పత్రిల ఉన్నప్పుడే..." అని ఆగిపోయాడు. తలుపు దగ్గర మా అమ్మాయి నిలబడి ఉంది. నాకింకా ఏడుపు రాలేదు, దాని ముఖం అప్పటికే తడిగా ఉంది. ముందే తెలిసినవాళ్ల ఏడుపు అది.

"నీకు తెలుసా?" అన్నాను.

"నాన్న చెప్పొద్దన్నాడు" అంది జర్మన్‌లో.

ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. తమ్ముడు చెప్పిన తారీఖు. వరంగల్ దిక్కు. ఇద్దరు ఆడపిల్లలు. నేను ఆస్పత్రిలో ఉండగా, ఆఫీసు పని మీద స్టుట్‌గార్ట్ పోతున్నానని తమ్ముడు ఫోన్ చేసిన రోజు. ఆ రోజు వాడు పోయింది హైదరాబాద్‌కు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచే. విమానాశ్రయానికి కారులో దింపి వచ్చింది మా ఆయన. దింపి, అక్కడినుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చి నాకు సూప్ తాగించాడు. ఏకాదశి మెసేజ్ చదివి నమస్కారం బొమ్మ పెట్టింది వదిన. అందరూ కలిసి ఒక పని పంచుకుని చేసినట్టు చేశారు. చివరికి అన్న మాసికం లెక్క కూడా నా చేతే కట్టించారు.

"నీ మంచికే చేసినం" అన్నాడు మా ఆయన. "డాక్టర్ స్ట్రెస్ వద్దన్నడు గదా."

"డాక్టర్ బరువులెత్తొద్దన్నడు."

"చెప్తే ఏం చేసేటిదానివి? విమానం ఎక్కే పరిస్థితి ఉండెనా?"

"ఏడ్సేదాన్ని."

ఆయన లేచి గ్లాసు వంటింట్లోకి తీసుకుపోయాడు.

చిన్నమ్మ ఊరి నుంచి ఫోన్ చేసింది. మా ఇళ్లలో మైల ఎవరికి ఎన్నాళ్లో ఆమె చెప్పాల్సిందే. "పెండ్లయిన ఆడిపిల్లవు, నీకు ఉండేదే మూడు రోజులు బిడ్డా. పది దాటినంక ఇన్నవు, గదీ లేదు. తలమీద నీళ్లు పోసుకుంటే అయిపాయె" అంది. ఓదార్పుగానే అంది. ఆ లెక్క నాకు తెలియనిది కాదు, ఎంతోమందికి నేనే చెప్పాను. స్నానాల గదిలోకి పోయి తలమీద నీళ్లు పోసుకున్నాను. అయిపోలేదు. ఏడుపు కూడా రాలేదు. ఎవరితో ఏడవను? వదిన దుఃఖం అప్పటికి నెల ముదిరింది, ఆమె కూరగాయల ధరలు కూడా మాట్లాడుతోంది. పిల్లలు కాలేజీకి పోతున్నారు. నేను ఎవరికి ఫోన్ చేసినా వాళ్లు నన్ను ఓదారుస్తున్నారు. నాతో కలిసి ఏడ్చేవాళ్లు ఎవరూ మిగల్లేదు. పైగా ఏ ఒక్కరూ ఆ మాట నోటితో అనలేదు. బాగలేకుండె, అట్లయిపాయె, మన చేతుల ఏమున్నది. ఇవే.

తమ్ముడి ఫోన్లు నేను ఎత్తలేదు. రెండో మాసికం మాత్రం లెక్కకట్టి, ఆ తారీఖు ఒక్కటే వాడికి పంపాను. ఆదివారం పడింది. అది అన్న తిథి, నా కోపానికీ దానికీ సంబంధం లేదు. వస్తున్నానని మా ఆయనతో చెప్పాను, ఆయన కారులో మాత్రం రానన్నాను. ఆయన ఒక్కడే పొద్దున్నే బయలుదేరాడు. అమ్మాయి నాతో రైలు ఎక్కింది.

చాలాసేపు కిటికీలోంచి చూసి అది అంది, "అమ్మా, నాతో కూడా మాట్లాడవా?"

"నువ్వు చిన్నదానివి. నీ మీద లేదు."

"చిన్నదాన్నా? నాకు పదహారు."

"అయితే నీ మీద కూడా ఉన్నది."

అది తల ఊపింది. ఆ జవాబే దానికి నయమనిపించినట్టుంది, వచ్చి నా భుజానికి ఆనుకుంది. నేను జరగలేదు, దగ్గరికి తీసుకోనూ లేదు.

రేహా ఊరు దారిలోనే ఉంది. అక్కడ దిగి, తర్వాతి రైలు వచ్చేలోపల చర్చికి పోయి వచ్చాం. బొమ్మ అలాగే ఉంది. ఈసారి నాకు వాళ్ల మీద కోపం వచ్చింది, అసూయ అనాలేమో. తల్లి, కుర్రవాడు, కాళ్ల దగ్గరి మనిషి, గుడ్డ పట్టుకున్న ముసలాయన, అందరికీ ఒకే రోజు ఒకే వేళకు తెలిసింది. వాళ్లందరి దుఃఖానికీ ఒకటే వయసు. అందుకే ఒకరినొకరు చూసుకోకుండా కూడా ఆనుకోగలిగారు. నేను అదే బెంచీ మీద కాగితం ఒళ్లో పెట్టుకుని, మా అన్న చవితి ఏ రోజు పడుతుందో సంతోషంగా కట్టాను. నా ముందు వాళ్లు ఏడుస్తూనే ఉన్నారు.

ముసలావిడ నన్ను గుర్తుపట్టింది. "మళ్లీ నొప్పి వచ్చిందా?"

"మా అన్న చనిపోయాడు."

"అయ్యో. ఎప్పుడు?"

తిథులు చెప్పే మనిషిని, నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన పోయిన రోజు చెప్పాలా, గ్లాసు ముందు పెట్టిన రోజు చెప్పాలా? "నాకింకా ఎవరూ చెప్పలేదు" అన్నాను. అన్నాక తెలిసింది, నేను ఇంగోల్‌స్టాట్‌కు ఎందుకు పోతున్నానో. ముసలావిడకు అర్థం కాలేదేమో అని అమ్మాయి మంచి జర్మన్‌లో ఏదో చెప్పబోయింది. ఆవిడ దాన్ని చేత్తో ఆపి, బెంచీ చూపించి, కూర్చో అంది. రైలుకు వేళయ్యేదాకా మా పక్కనే కూర్చుంది.

మేము తమ్ముడి ఇంటికి చేరేసరికి మాసికం అయిపోవచ్చింది. హైదరాబాద్ నుంచి అయ్యగారు ల్యాప్‌టాప్‌లో మంత్రాలు చెబుతున్నాడు. సాంబ్రాణి పొగకు అలారం మోగుతుందని ముందుగదిలో కిటికీలన్నీ బార్లా తెరిచారు. చలి గాలి వస్తోంది, మరదలు స్వెటర్ మీద పట్టుచీర కట్టుకుంది. తమ్ముడు నన్ను చూసి లేవబోయాడు. అయ్యగారు కదలొద్దన్నాడు, కూర్చున్నాడు.

భోజనాలు అయ్యాయి. నేను తినలేదు. తమ్ముడు, మా ఆయన కుర్చీల్లో కూర్చున్నారు.

"బావా, వింటర్ టైర్లు ఏసినవా?"

"ఏడ? అపాయింట్‌మెంట్ దొరుకుతలేదు. మొన్న ఫోన్ చేస్తే వచ్చే నెల అంటున్నడు."

"మా దగ్గర ఒకడున్నడు, పొద్దుగాల పోతే చేస్తడు."

"టైర్ల ముచ్చట అయినంక చెప్పున్రి" అన్నాను. "నేనొకటి అడగాలె."

తమ్ముడు అప్పటిదాకా దాచుకున్నది ముందే బయటపెట్టాడు. "అక్కా, నువ్వు గదా చెప్పొద్దన్నది. ఒక నెల ఆగితే ఏమైతదని నువ్వే అన్నవు."

"నువ్వు నన్ను ఎవరి గురించి అడిగినవ్?"

"నీ గురించే అడిగిన."

"అది నాకు ఎరుకనా?"

"నాకు ఎవర్ని అడగాల్నో తెల్వలే అక్కా!" వాడి గొంతు పెరిగింది. "బావ ఒకటంటడు, వదిన ఒకటంటది. ఇంట్ల పెద్దోళ్లు ఎవరున్నరు అడగనీకి? ఏదొచ్చినా అన్నను అడిగేటోన్ని. అన్న తర్వాత నువ్వే. అందుకే నిన్నే అడిగిన."

ఆ మాట నాకు తగిలింది. అయినా నేను వెనక్కి తగ్గలేదు. నా నోటితోనే నాకు తీర్పు చెప్పించి, అది నా ఇష్టమని ఇన్నాళ్లు నిశ్చింతగా ఉన్నారు.

"సరే. నన్ను అడిగినవ్, నేను చెప్పిన. నెల అయిపోయింది. ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పాలె?"

"కబురు."

"నీకు తెల్సు గదక్కా."

"నాకు ఎవ్వరూ చెప్పలే. మీ బావ బాగలేకుండె అన్నడు. చిన్నమ్మ నీళ్లు పోసుకొమ్మన్నది. వదిన దండం బొమ్మ పంపింది. ఫోన్ల చెప్పేటట్టు చెప్పు. ఆ రోజు చెప్పాల్సింది చెప్పు."

మరదలు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "వదినా, చాయ్ పెట్టన్నా?"

"వద్దమ్మా. నువ్వు కూడ వచ్చి కూసో."

"ఎందుకిప్పుడు మల్ల..." అన్నాడు మా ఆయన. "వాడు కూడ మనిషే గదా."

"మీరు ఆగున్రి."

తమ్ముడు కింద చూస్తూ కూర్చున్నాడు. నుదుటి మీద విభూతి ఇంకా ఉంది. నేను తొందరపెట్టలేదు.

"అక్కా" అన్నాడు. "అన్న పోయిండక్కా."

నేను నేల మీద కూలబడ్డాను. వారాల కింద తెలిసిన సంగతే, అప్పుడే విన్నాను.

"ఎట్ల పోయిండు?"

"పొద్దుగాల చాయ్ తాగుతుండెనంట, మంచం మీద కూసొని. వదిన రస్కులు తెస్తనని లోపలికి పోయింది. వచ్చే వరకు గోడకు ఒరిగిండు. నిద్ర పోతుండనుకున్నది."

"కండ్లు?"

"వదిననే మూసింది."

"నువ్వు పోయే వరకు ఎక్కడ పెట్టిన్రు?"

"ఐసు పెట్టెల. వాకిట్ల. పైన అద్దం ఉంటది గదక్కా, దాంట్లకెల్లి చూసిన. లోపల చలికి అద్దం మీద నీళ్లు పట్టినయి. ముఖం సక్కగ కనిపియ్యలే. తుడుస్తున్న, తుడుస్తున్న, పోతలేవు. నీళ్లు లోపల దిక్కున్నయి..."

వాడి చేయి గాలిలో అద్దం తుడుస్తున్నట్టు ఆడుతూనే ఉంది. కుర్చీలోంచి జారి నా పక్కన నేల మీదికి వచ్చాడు.

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. మా ఊళ్లో ఆడవాళ్లు ఏడ్చినట్టే ఏడ్చాను, పేరుపెట్టి పిలిచి, అడుగుతూ, నిందిస్తూ. చెల్లెకు చెప్పకుండ పోతివా అన్నా, నీ చవితి నాతోనే లెక్క కట్టిచ్చిన్రు అన్నా. తమ్ముడు నా ఒళ్లో తల పెట్టి, అక్కడ వాకిట్లో ఏడ్చాడో లేదో గాని, ఇక్కడ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మరదలు ఏడ్చింది. అమ్మాయి నా వెనక కూర్చుని వీపుకు ముఖం ఆనించింది. దానికి తెలుగులో ఏడవడం రాదనుకునేదాన్ని, మామా మామా అంటోంది.

మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆదివారం ఈ దేశంలో చప్పుడు చేయకూడదు. కింది ఇంటివాళ్లు ఇప్పటికే ఒకసారి పిల్లల గోలకు ఫిర్యాదు చేశారట. ఆయన కిటికీ దగ్గరికి పోయి రెక్క మీద చేయి వేశాడు.

"మూయొద్దు" అన్నాను. "తెరిచే ఉంచున్రి."